ముందు తల కొలత

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో మళ్లీ జరగాల్సిన పోటీ రద్దయింది గానీ, అదే ఏడు నటుడు అక్కినేని నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టును కొనడంతో మన కుర్రాళ్ల నోట రేసుల మాట ఆగలేదు. చూడటంతో తృప్తిపడని వాళ్లు కొందరు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో పోయి శిక్షణ తీసుకుని, దేశ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తెచ్చుకుని తామూ నడపాలని చూస్తున్నారు. మా అక్క కొడుకు వాళ్లలో ఒకడు. అంబర్‌పేట ఆరో నంబర్ దగ్గర ఉంటాడు. ఫీజులు, ప్రయాణాలు, టైర్లు అన్నిటి లెక్కా కాగితం మీద వేసుకొచ్చి చూపించాడు. హెల్మెట్ మాట అందులో లేదు. అడిగితే, "బండి హెల్మెట్ ఉంది కద మామా, ఫుల్ ఫేసే. అదే నడుస్తది" అన్నాడు.

నడవదు. ఎందుకు నడవదో ఆ రోజు వాడికి చెప్పిన సంగతులే ఇవి. అలాంటి కాగితం ఇంకొన్ని ఇళ్లలోనూ ఉంటుందని రాస్తున్నాను.

ఉప్పల్ చౌరస్తాలో బండి మీద పోయేవాడికి ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ సరిపోతుంది. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది దేశంలో అమ్మకూడదు కూడా. అయితే ఆ పరీక్షలు బండి మీంచి పడ్డ మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. పడినవాడు రోడ్డు మీద జారుకుంటూ పోతాడు. రేసు కారులో ఉన్నవాడు ఎక్కడికీ పోలేడు. బెల్టులు వాణ్ణి సీటుకు బిగించి ఉంచుతాయి. చుట్టూ రోల్ కేజ్ ఇనుప గొట్టాలు. కారు పల్టీలు కొడితే తల ఆ గొట్టానికే, ఒక్కోసారి హెల్మెట్ మీద ఒకే చోట, మళ్లీ మళ్లీ తగులుతుంది. పైగా పక్కనే పెట్రోలు. అందుకే కార్ల హెల్మెట్‌ను గొట్టం ఆకారంలో ఉన్న ఇనుము మీదికి కూడా వదిలి చూస్తారు, మంట తగిలించి చూస్తారు. బండి హెల్మెట్‌కు ఆ మంట పరీక్ష లేదు.

ఈ పరీక్షలు మొదలైంది ఒక మనిషి చావుతో. విలియం స్నెల్ అమెరికాలో స్పోర్ట్స్ కార్ల పోటీల్లో నడిపేవాడు. స్నేహితులు పీట్ అనేవాళ్లు. 1956లో ఒక పోటీలో తలకు దెబ్బ తగిలి పోయాడు. అప్పుడు తల మీద ఉన్నది ఆ కాలానికి మంచిదని పేరున్న హెల్మెట్టే. మరుసటి ఏడు మిత్రులంతా కలిసి అతని పేర ఒక సంస్థ పెట్టి హెల్మెట్లను పగలగొట్టి చూడటం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చూసే స్నెల్ గుర్తు ఆ సంస్థదే. అందులో ఎస్‌ఏ అని ఉంటే కార్లకు, ఎం అని ఉంటే మోటారు సైకిళ్లకు, కె అని ఉంటే కార్టింగ్‌కు. పక్కన ఉండే 2015, 2020, 2025 అన్నవి ఆ ప్రమాణం వెలువడిన ఏళ్లు. దీనికి సాటిగా అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ వాళ్ల 8859, ఇంకా పై స్థాయి 8860 ప్రమాణాలు ఉన్నాయి. దుకాణంలో పెట్టెను నమ్మొద్దు, అమ్మేవాడి మాటనూ నమ్మొద్దు. హెల్మెట్ తిరగేసి, వెనక వైపు లోపలి మెత్తను వేలితో పైకి లేపండి. నంబరు వేసిన చిన్న లేబుల్ అక్కడ అంటించి ఉండాలి. పోటీకి ముందు తనిఖీ చేసేవాళ్లు చూసేదీ దాన్నే.

లేబుల్ కోసం నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. నాచారం పారిశ్రామికవాడలో ఫైబర్‌గ్లాస్ అచ్చుల పనిలో ఏళ్లు గడిపాను. అచ్చులో గాజు నార పరుస్తాం, రెజిన్ పూస్తాం, రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా నొక్కుతాం. మళ్లీ నార, మళ్లీ రెజిన్. ఫైబర్‌గ్లాస్ హెల్మెట్ పై డొప్ప కూడా ఇలా పొరలుగానే తయారవుతుంది. మధ్యాహ్నం ఎండకు రెజిన్ తొందరగా గట్టిపడుతుంది, పనివాడి చెయ్యి కూడా తొందరపడుతుంది. పొరల మధ్య ఒక్క బుడగ మిగిలిందనుకోండి, పైన రంగు వేశాక దాన్ని ఎవరూ పట్టుకోలేరు. దెబ్బ తగిలినప్పుడు పొరలు విడిపోవడం అక్కడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్న నేనే బయటినుంచి చూసి ఇది మంచి డొప్ప, ఇది కాదు అని చెప్పలేను. కొనడానికి వచ్చిన పిల్లవాడు ఎలా చెప్పగలడు? అదే రకం హెల్మెట్ల నమూనాలను ఎవరో పగలగొట్టి చూశారన్న రుజువు ఒక్కటే మనకు ఆధారం.

వాడిన హెల్మెట్ వద్దనేదీ ఇందుకే. డొప్ప లోపల ఉండేది ఒక రకం థర్మాకోల్. దెబ్బ పడినప్పుడు అది నలిగి, తలకు చేరాల్సిన దెబ్బను తాను తీసుకుంటుంది. నలిగినది మళ్లీ ఉబ్బదు. అమ్మినవాడు ఎంత మంచివాడైనా, అది ఎన్నిసార్లు కింద పడిందో వాడికీ గుర్తుండకపోవచ్చు.

ఇక తల. మా సందులో దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి మేనల్లుడి తల కొలిచాను. కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తున పెట్టి, చెవుల మీదుగా, వెనక బుర్ర బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా తిప్పాలి. 58 సెంటీమీటర్లు వచ్చింది. వాడి బండి హెల్మెట్ 60 సైజు. ఆంజనేయస్వామి స్టిక్కర్ అంటించిన ఆ వదులు హెల్మెట్టే ఇన్నేళ్లూ పెట్టుకుని తిరిగాడు. కొలత ఒక్కటే చాలదు. కొందరి తల గుండ్రం, కొందరిది కోల. ఒక కంపెనీ 58 నుదుటిని నొక్కితే ఇంకో కంపెనీ 58 చక్కగా కూర్చోవచ్చు. పెట్టుకున్నాక తలను అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. బుగ్గలు కాస్త నొక్కుకుపోవాలి. పట్టీని రెండు రింగుల్లోంచి దూర్చి బిగించాక, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగమని పక్కవాడికి చెప్పండి. ఊడి వస్తే అది మీది కాదు. ఊడకపోతే అలాగే 20 నిమిషాలు కూర్చోండి. దుకాణంవాడు విసుక్కున్నా లేవొద్దు. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రటి గుర్తు ఉంటే ఆకారం పడలేదన్నమాట. కొత్తలో బిగువుగా ఉన్న మెత్త వాడేకొద్దీ సర్దుకుంటుంది, వదులుగా ఉన్నది ఇంకా వదులవుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతోనే చూసుకోవాలి. పోటీ రోజు లోపల వేసుకునే బాలాక్లావా అనే ముసుగు తొడుక్కుని చూస్తే ఇంకా మంచిది.

హాన్స్ అనే మెడ రక్షణ పరికరం పట్టీ తగిలించే మరలకు చోటుందా అన్నదీ చూడాలి. కారు గుద్దుకున్నప్పుడు బెల్టు ఛాతీని ఆపుతుంది, బరువున్న హెల్మెట్‌తో తల ముందుకు విసురుగా పోతుంది, మెడ తెగినంత పనవుతుంది. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, ఆయన బావమరిది వరసైన రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి 1980లలో దీనికి విరుగుడుగా భుజాల మీద కూర్చునే ఆ పరికరాన్ని తయారుచేశారు. చాలామంది డ్రైవర్లు అడ్డంగా ఉంటుందని వద్దన్నారు. 2001లో రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనా పోటీలో చనిపోయాక మనసు మార్చుకున్నారు. 2003లో ఫార్ములా వన్ తప్పనిసరి చేసింది.

ఖర్చు మాట నాకు తెలియనిది కాదు. ఎస్‌ఏ హెల్మెట్ ధర బండి హెల్మెట్‌కు ఎన్నో రెట్లు. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. కోయంబత్తూరు ట్రాక్‌కు పేరిచ్చిన కరివర్ధన్ లక్ష్మీ మిల్లుల కుటుంబంవాడు, డబ్బుకు లోటు లేనివాడు. అయినా మామూలువాళ్లూ రేసు నడపాలని 1980ల చివర్లో మారుతి ఇంజన్‌తో చిన్న ఫార్ములా కార్లు కట్టించాడు. ఖర్చు తగ్గించాల్సిన చోటు కారు అని ఆయన చేసి చూపించాడు. రంగుల బొమ్మలు, కార్బన్ ఫైబర్ మెరుపు మానుకోండి. ఆ సొమ్ముతో సరైన లేబుల్, సరైన కొలత ఉన్న సాదా తెల్లటిది వస్తుంది. శిక్షణ కారు అద్దెకు దొరుకుతుంది, టైర్లు ఇంకో నెల ఆగుతాయి. ఆ ఏడాది పోటీ నిబంధనల్లో ఏ లేబుళ్లు చెల్లుతాయో ముందు చదువుకుని, చేతిలో పడ్డ మొదటి డబ్బు హెల్మెట్‌కే పెట్టండి.