మెత్తని డాలు

కత్తి ఎవరైనా చేస్తారు. చింతబరిక ఒకటి విరిచి గాలిలో రెండు తిప్పులు తిప్పితే చాలు, పిల్లోని చేతిలో అది కత్తి అయిపోతుంది. డాలుకు అంత సులువు లేదు. కొలత చూసుకోవాలి, బరువు చూసుకోవాలి, చెయ్యి దూర్చే చోటు కుదరాలి. అందుకే కత్తియుద్ధం ఆడిన పిల్లోళ్లు ఊరికి వందమంది ఉంటారు గానీ డాలు చేసినోడు ఒక్కడూ కనబడడు. మహా అయితే వంటింట్లోంచి చాట ఎత్తుకొచ్చి అమ్మ చేత తిట్లు తింటాడు.

మొన్న ఎండాకాలం మా తుమ్మలపల్లెలో డాళ్లు తయారైనాయి. బయటివాళ్లకు మా ఊరంటే యురేనియం గని. మాకు మాత్రం ఇప్పటికీ అరటితోటలు, చీనీతోటలు, బోరులో నీళ్లు ఎంత కిందికి పోయినాయనే లెక్క. అట్లాంటి ఊరికి మా అక్క కొడుకు టెక్సస్ నుంచి సెలవలకు వచ్చినాడు. ఇంటర్ వయసు. వచ్చినోడు ఫోను పట్టుకొని మూల కూర్చుంటాడనుకుంటే, రెండోరోజే చిన్నపిల్లలందరినీ కళ్లంలోకి పోగేసి యుద్ధం మొదలుపెట్టినాడు. ప్లాస్టిక్ పైపుకు ఫోమ్ చుట్టి, పైన గుడ్డ తొడిగిన కత్తులు. ఎంత గట్టిగా కొట్టినా దబ్‌మని చప్పుడే గానీ దెబ్బ తగలదు.

అమెరికాలో ఇది పెద్దవాళ్ల ఆట. 1977లో వాషింగ్టన్ దగ్గర మేరీలాండ్‌లో కొందరు కుర్రోళ్లు ‘డాగర్‌హిర్’ అని మొదలుపెట్టినారు. టోల్కీన్ నవలలు చదివి, ఆ యుద్ధాలు తామూ చేయాలని బుద్ధి పుట్టినవాళ్లు. 1983లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో ‘ఆమ్ట్‌గార్డ్’ అని ఇంకొకటి పుట్టింది. మావాడు ఆడేది అదే. చేతికి కత్తి తగిలితే ఆ చెయ్యి పోయినట్టు లెక్క, వీపు వెనక దాచుకోవాలి. కాలికి తగిలితే మోకాలి మీద కూర్చొని ఆడాలి. ఒంటికి తగిలితే చచ్చినట్టే. డాగర్‌హిర్‌లో అయితే డాలుకూ చావుంది: రెండు చేతులతో ఎత్తికొట్టే పెద్ద కత్తి రెండుసార్లు గట్టిగా పడిందా, ఇంక ఆ డాలు విరిగినట్టే, పక్కన పారెయ్యాలి.

మా వీధి చివరి పెద్దాయన అరుగు మీద కూర్చొని ఇదంతా చూసి, “కడప జిల్లాలో కత్తులాట నేర్పేదానికి టెక్సస్ నుంచి మనిషి రావాల్నా అబ్బీ?” అన్నాడు. అందరూ నవ్వినారు. ఆయన మాత్రం నవ్వలేదు. పాత కక్షల కాలం చూసిన మనిషి ఆయన.

కత్తులు సరే, డాలు చేద్దామనేసరికి సంగతి నా దాకా వచ్చింది. “మామా, ఇక్కడ ఫోమ్ యాడ దొరుకుతాది?” అన్నాడు. వాడి తెలుగు ఇంట్లో మా అక్క మాట్లాడే తెలుగు, అచ్చం కడప తెలుగు.

ముందు తేల్చుకోవలసింది స్పాంజీకీ ఫోమ్‌కూ తేడా. పరుపులో ఉండే స్పాంజి పనికిరాదు. దాని బుడగలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకొని ఉంటాయి. ఒత్తితే గాలి బయటికి పోయి అప్పడమైపోతుంది, దెబ్బ తిన్నగా లోపలి చెక్కకు తగులుతుంది. చెమట పీలుస్తుంది, వానకు తడిస్తే మోయలేం. కావలసింది బుడగలు మూసుకొని ఉండే రకం. టీవీ పెట్టెలో, ఫ్రిజ్ పెట్టెలో వచ్చే తెల్ల ప్యాకింగు ఫోమ్, యోగా చాపలు, హవాయి చెప్పుల అడుగు, అన్నీ ఆ జాతివే. మా పక్క అరటి ప్యాకింగ్ షెడ్లలో కాయకు కాయ ఒరుసుకోకుండా పరిచే పల్చని ఫోమ్ పొరలు దొరుకుతాయి. పొర మీద పొర అంటిస్తే అంగుళం మందం ఎంతసేపు?

లోపలి పలకకు ప్లైవుడ్ వద్దన్నాను. బరువు. పిల్లోని చెయ్యి పావుగంటలో కిందికి దిగిపోతుంది, ఆ తర్వాత డాలు మోకాళ్లను కాపాడుతుంది గానీ మొహాన్ని కాపాడదు. దానికి మందు మన రాజకీయాల్లో ఉంది. ఎన్నికలప్పుడు స్తంభాలకు కట్టే సన్‌ప్యాక్ బోర్డులు ఊరూరా పడి ఉంటాయి. అట్టపెట్టె మాదిరి లోపల గాళ్లు గాళ్లుగా ఉండే ప్లాస్టిక్ రేకు అది. తేలిక, నీళ్లకు చెడదు. ఆ గాళ్ల వెంబడే తేలిగ్గా మడత పడుతుంది కాబట్టి రెండు రేకులు తీసుకొని ఒకదాని గాళ్లు నిలువుగా, ఇంకొకదానివి అడ్డంగా పెట్టి అంటించాలి. అప్పుడు ఎటు వంచినా వంగదు. మేం కోసిన వాటిలో ఒక నాయకుని నవ్వు మొహం సరిగ్గా డాలు నడిమికి వచ్చింది. ఏ పార్టీ అని అడగొద్దండి, ఫోమ్ కింద అందరూ ఒకటే.

గుండ్రం డాలు అయితే పన్నెండేళ్ల పిల్లోనికి రెండడుగుల వెడల్పు సరిపోతుంది. చక్రం గీసేదానికి మేకు, పురికొస, బొగ్గుముక్క చాలు. అంటించేదానికి వడ్రంగులు లామినేషన్‌కు వాడే ఫెవికాల్ ఎస్ఆర్. దీనికి ఓపిక కావాలి. రెండు వైపులా పూసి, వేలికి అంటనంతవరకు ఆరనిచ్చి, అప్పుడు కలిపి ఒత్తాలి. తడి మీద కలిపితే పట్టదు. ఆరినాక కలిపితే మళ్లీ జరపడం బ్రహ్మతరం కాదు. వాసన తలకెక్కుతుంది, ఆరుబయటే చెయ్యాలి, ఆ పని పిల్లోళ్లకు వదలకూడదు. థర్మకోల్ తెస్తామన్నవాళ్లను అక్కడే ఆపేసినాను. ఆ గమ్ము పడితే థర్మకోల్ కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది.

చెయ్యి దూర్చేదానికి పాత స్కూలు బ్యాగుల పట్టీలు. ఒకటి మోచేతికి కాస్త ముందు, ఒకటి పిడికిట్లోకి. బోల్టు వేసి బిగించడం తేలికే గానీ ముందు పక్క బోల్టు తల తేలితే అది డాలు కాదు, సుత్తి. అందుకని పలకకు బెజ్జాలు చేసి పట్టీలను వాటిలోంచి దూర్చి వెనక కుట్టించి, ఆ తర్వాతే ముందు వైపు ఫోమ్ అంటించినాం. ముంజేయి ఆనేచోట మాత్రం ఒక హవాయి చెప్పు ముక్క. లేకపోతే ప్రతి దెబ్బా ఎముకకు తెలుస్తుంది.

ఇంక అంచు. డాలు పనంతా ఒక ఎత్తు, అంచు ఒక ఎత్తు. నడిమి భాగానికి అంగుళం మందం చాలు. అంచుకు దానికి రెండింతలు కావాలి. దగ్గరి పోరులో తోపులాట వస్తుంది, తోపులాటలో ఎదుటివాని పళ్లకు, ముక్కుకు తగిలేది అంచే. పులివెందులలో ఏసీ మెకానిక్కుల దగ్గర రాగిపైపుకు తొడిగే నల్లని మెత్తటి గొట్టం దొరుకుతుంది. దాన్ని పొడుగునా చీల్చి అంచు చుట్టూ తొడిగి, పైన ఇంకో రెండు పొరల ఫోమ్ చుట్టినాం. పని అయినాక పరీక్ష ఒకటే: చేసినోడు ఆ అంచుతో తన ముక్కు మీద తానే కొట్టుకోవాలి. మావాడు ఈ మాట చెప్పగానే పిల్లోళ్లందరూ ఇంకో పొర వేద్దామన్నారు.

పైన టేపు చుట్టడం సుఖమనిపిస్తుంది. మంచిది కాదు. టేపు ముడతలు ఎండకు గట్టిపడి గీరుతాయి, పీకితే ఫోమ్ ఊడొస్తుంది. గుడ్డ తొడగాలి. ఆ పని మా అవ్వ తీసుకుంది. పాత నూలుచీరలు పొరలుగా పరిచి, బొంత కుట్టినట్టే దగ్గర దగ్గరగా దారం పోనిచ్చి తొడుగులు కుట్టింది. కుడుతూనే, “మెత్తగుంటే దెబ్బ యాడ తగుల్తాది రా? ఇంకేం ఆట అది?” అని ఆమె అనుమానం.

ఆ అనుమానం ఈ సీమ గడ్డ మీద పుట్టినవాళ్లకు రావలసిందే. మన వీరభద్రుని చేతిలో కత్తితో పాటు డాలు కూడా ఉంటుంది. రాయచోటికో లేపాక్షికో పోయినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఊరి బయట వీరగల్లుల మీద కూడా కత్తీ డాలూ పట్టి నిలబడినవాళ్లు ఉంటారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి పండుగ ముగిసినాక జరిగిన సైన్యం కవాతు గురించి రాస్తూ డాళ్ల దగ్గర చాలాసేపు ఆగిపోయినాడు. కొన్నింటి మీద బంగారు, వెండి పూలు, కొన్నింటి మీద పులులు, ఇతర మృగాలు. గుర్రపు రౌతులు పొరలు పొరలుగా కుట్టిన అంగీలు తొడుక్కొన్నారని కూడా రాసినాడు. పొర మీద పొర కుట్టడం అవ్వ చేతికి కొత్తపని కాదు మరి.

అయితే ఆ డాళ్లూ ఆ అంగీలూ అన్నీ తొడుక్కొన్నవాని ప్రాణం కోసం. ఎదుటివాని సంగతి వాటికి పట్టదు. మా కళ్లంలో తయారైన డాలు మాత్రం ఎదుటివాని ముక్కు కోసం మెత్తబడింది. తనకేమీ కాకుండా ఉండేదానికి పైన అంగుళం, అవతలోనికి ఏమీ కాకుండా ఉండేదానికి అంచున రెండంగుళాలు. నేను చూసిన ఆయుధాల్లో ఇట్లాంటి లెక్క ఇంకెక్కడా లేదు.

అసలు డాలే లేని యుద్ధం కూడా మనకుంది. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని. కొండమీద మాళమల్లేశ్వరస్వామి కల్యాణం అయినాక, ఉత్సవమూర్తులను నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు కాపాడుకుంటూ నడిస్తే, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కర్రలతో ఎదురొస్తారు. ఇనుప కట్లు వేసిన కర్రలు, కాగడాలు, కటిక చీకటి. పోలీసులు ముందుగా ఊళ్లు తిరిగి కర్రలు పట్టుకుపోతారు, వైద్యశిబిరం పెడతారు. అయినా ప్రతి ఏడూ తలలు పగులుతూనే ఉంటాయి, కొన్నేళ్లు ప్రాణాలూ పోయినాయి. పగిలిన తల మీద పసుపు అద్దుకొని మళ్లీ దిగుతారు. అదే జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకల సమరం. వీరభద్రునికీ కాళికకూ మధ్య తగవని ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటుంది, దెబ్బలకు విభూతి పూసుకొని, తర్వాత దేవుళ్లకు పెళ్లి చేస్తుంది.

వీటిని అనాగరికం అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. దేవరగట్టు వాళ్లు కర్ర పట్టేముందు పాల బాస చేస్తారు. మా మధ్య ఎన్ని తగాదాలున్నా ఈ రాత్రి మనసులో పెట్టుకోము అని ప్రమాణం. ఆటను కక్షగా మారనీయకూడదనే తెలివి ఆ బాసలో ఉంది. ఆ తెలివి కర్ర దాకా రాలేదనేదే నా బాధ. ఇనుప కట్టు తీసేసి, నెత్తికి ఒక బొంతగుడ్డ తలపాగా చుట్టుకుంటే మల్లేశ్వరుడు కాదంటాడా? అంటాడని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకునే ధైర్యం నాకు కొండ కిందే ఉంటుంది.

కళ్లంలో యుద్ధం మాత్రం బాగా సాగింది. చిక్కల్లా ఒక్క నియమం దగ్గర. టెక్సస్ పద్ధతిలో దెబ్బ తగిలిందో లేదో తగిలినవాడే చెప్పాలి. కొట్టినవాడు అరవకూడదు, అంపైరు తీర్పు కోసం చూడకూడదు. క్రికెట్‌లో స్టంపులు ఎగిరినా నో బాల్ అని వాదించే మా పిల్లోళ్లకు ఇది మింగుడుపడలేదు. మొదటి సాయంత్రం ఒక్కడూ చావలేదు. అందరికీ డాలుకే తగిలిందట. మావాడు కోప్పడలేదు, తనకు తగిలిన ప్రతి దెబ్బకూ పెద్దగా అరిచి పడిపోయినాడు. అట్లా పడిపోవడంలో మజా ఉందని కనిపెట్టినాక అందరూ చావడం మొదలుపెట్టినారు. కొందరైతే కత్తి దగ్గరికి రాకముందే చచ్చిపోయినారు. అవ్వ అరుగు మీదనుంచి లెక్కపెట్టి, “ఇంగ లెయ్యండ్రా, సంగటి సల్లారిపోతాది” అనేదాకా శవాలు లేవలేదు. అరుగు పెద్దాయన రెండు సాయంత్రాలు దూరం నుంచి చూసి, మూడోనాడు తన మనవణ్ని తానే తోడుకొచ్చినాడు. వాడికి డాలు కావాలన్నాడు. కత్తి వద్దట.

మీ ఇంట్లో చేయించే ఉద్దేశముంటే రెండు మాటలు. చేసిన డాలును మన ఎండలో పారేయకండి, వేడికి గమ్ము మెత్తబడి పొరలు లేస్తాయి, నీడలో గోడకు తగిలించండి. సన్‌ప్యాక్ బోర్డు, ఫోమ్, గుడ్డ దేనిలోనైనా పొదుపు చేయండి, అంచు దగ్గర మాత్రం పీనాసితనం చేయొద్దు.