గోస్తనీ తీరమున

గడచిన వేసవి సెలవులలో మావారు మమ్ము విశాఖపట్టణమునుండి కొండదారి రైలులో బొఱ్ఱాగుహలకుఁ గొనిపోయిరి. సున్నపురాతిని నీరే యుగములపాటు తొలిచి చేసిన గుహలవి. గోస్తనీనది వానిగుండఁ బాఱును. మెట్లు దిగలేని యత్తగారు ద్వారముకడనే కూర్చుండి, "మీరు చూచి రండమ్మా, నాకెందుకు?" అనిరి. ఆ మాట మాకు ముల్లయ్యెను. లోపలి లింగాకారములు గాని, మఱునాఁటి యరకులోయ చల్లదనము గాని మాకు రుచింపలేదు.

మూఁడవనాఁడు భీమునిపట్టణము చేరి, డచ్చివారి పాతసమాధులు చూచి, అత్తగారిని నదీసాగరసంగమమునకుఁ దోడ్కొనిపోయితిమి.

"మొన్నటి గుహలోని నీరిదే, అత్తయ్యగారూ!" అంటిమి. నడుమ తాటిపూడి జలాశయము కలదని మావారు సవరింపఁబోఁగాఁ గనుసైగ చేసితిమి.

వారు నీటియంచునఁ గూర్చుండి దోసిలి పట్టి, "అయితే నేను దిగకుండానే తానే వచ్చినదన్నమాట!" అని నవ్వి మా నెత్తినిఁ జల్లిరి.