రెండు కన్నులు – ఒక్క చూపు

ముషీరాబాదులోని మా పాత యింటిలో, నడిమి గది గోడ బీరువాయందు, తాళము వేసిన కొయ్యపెట్టె యొకటి యుండెడిది. అందులో స్టీరియోస్కోపు అను యంత్రమును, దానికి తగిన నలువది పటములును ఉండెను. సికింద్రాబాదున నొక దొర స్వదేశమునకు పోవుచు సామాను వేలము వేయించినపుడు మా తాతగారు దానిని కొనిరని మా యింట చెప్పుకొనెడివారు. ఆదివారము సాయంకాలము వారు పెట్టె తెరచి, పిల్లల నందఱను వరుసగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరి చేతికి యంత్రము నిచ్చి, "కనబడిందా?" యని యడుగుచుండెడివారు.

ఆ పటములు చూచుటకు వింతగా నుండును. ఒక్కొక్క అట్టమీద ఒకే దృశ్యము ప్రక్కప్రక్కన రెండుమార్లు అచ్చుపడియుండును. వట్టి కంటితో చూచిన, ఒకే బొమ్మను రెండుమార్లు ఏల అంటించిరాయని తోచును. అట్టను కమ్మీలో నిలిపి, రెండు అద్దములలోనుండి చూచినంతనే రెండు బొమ్మలును ఒకటై, లోతు పుట్టును. కాశీ మెట్లు మా మోకాళ్లయొద్దనుండి గంగలోనికి దిగిపోవుచున్నట్లుండెను. తాజమహలు ముందరి నీటి కాలువలో చేయి పెట్టబోయి అట్టను తాకి నవ్వుకొన్న దినములు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి.

మా చెల్లెలు మా తరువాతిది. దాని వంతు వచ్చినపుడు అందఱికంటె త్వరగా "కనబడింది తాతయ్యా" యని యంత్రమును తిరిగి యిచ్చివేయుచుండెను. రెండవమారు కావలెనని ఎన్నడును అడుగలేదు. "ఇది పేచీ లేని పిల్ల" యని తాతగారు మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పు వెనుక నున్న సంగతిని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. దానికి ముందు యంత్రము సంగతి కొంత చెప్పవలసియున్నది.

పాఠకులు తమ బొటనవ్రేలిని ముఖమునకు జానెడు దూరమున నిలిపి, ఒకసారి కుడికన్నును, ఒకసారి ఎడమకన్నును మూసి చూతురుగాక. వెనుకనున్న గోడమీద వ్రేలు ఇటునటు జరిగినట్లు కనబడును. మన కన్నులు రెండును సుమారు ఆరున్నర సెంటీమీటర్ల యెడమున నున్నవి. కావున ఏ రెండును ఒకే దృశ్యమును చూడవు. ఈ రెండు భిన్నమైన సాక్ష్యములను మెదడు విని, వానిలోని తేడానుండి దూరమును నిర్ణయించుచున్నది. ఈ రహస్యమును యంత్రముచే నిరూపించినవాడు ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వీట్‌స్టన్. 1838లో ఆతడు లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన వ్యాసమున, ఏటవాలుగా నిలిపిన రెండు నిలువుటద్దములతో చేసిన యంత్రమును వర్ణించెను. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది మరుసటి యేడు, అనగా 1839లో. కావున మొదటి స్టీరియోస్కోపులో చూచినవి చేతితో గీసిన గీతల బొమ్మలే.

తరువాత డేవిడ్ బ్రూస్టర్ నిలువుటద్దములకు మారుగా కటకములను అమర్చి యంత్రమును చిన్నపెట్టెగా చేసెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమున విక్టోరియా రాణి దానిని చూచి ముచ్చటపడగా దానికి గిరాకి పెరిగెను. అమెరికాలో వైద్యుడును రచయితయు నగు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1861 ప్రాంతమున, పిడిపట్టుకొని చూడదగిన చవుక రకమును కల్పించి, దానిపై ఏ హక్కును కోరక లోకమునకు విడిచిపెట్టెను. మా తాతగారి యంత్రము ఆ జాతిదే. ఆ దేశపు అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ కంపెనీవారు మన దేశపు దృశ్యములను ఇట్టి పటములుగా అమ్మిరి. వానికి తోడుగా జేమ్స్ రికాల్టన్ వ్రాసిన పుస్తకము 1907లో వెలువడెను. మా పెట్టెలోని కాశీ పటము ఆ కంపెనీదే.

ఇక మా చెల్లెలి మాట. దాని ఎడమకన్ను కొంచెము ముక్కువైపునకు తిరిగియుండెను. "మెల్లకన్ను అదృష్టం, అడుగుపెట్టిన ఇంట లక్ష్మి" అని మా యింటి పెద్దలు అనుచుండిరి. మజ్జిగ పోయునపుడు ధార గ్లాసు అంచు తప్పి నేలబడిన, పరధ్యానపు పిల్లయని తిట్టుచుండిరి. చివరిమెట్టు తెలియక తూలిన, దూకుడని కసరుచుండిరి. కన్ను అదృష్టమయ్యెను, కంటివలని ఇక్కట్టు పిల్ల తప్పయ్యెను! ఈ రెండు మాటలను ఒకచోట చేర్చి ఆలోచించిన వారు మా యింట ఒక్కరును లేకపోయిరి. కన్ను ప్రక్కకు తిరిగినపుడు, ఒకటి రెండుగా కనబడకుండుటకై పసిపిల్లల మెదడు ఆ కంటి సాక్ష్యమును త్రోసివేయును. పనిలేని కన్ను క్రమముగా మందగించును. దీనిని వైద్యులు ఆంబ్లియోపియా యందురు. జనులు సోమరికన్ను అందురు.

1970 ప్రాంతమున మేము ఉస్మానియా విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము చదువుచుంటిమి. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును చూచుటకు దూరప్రాంతములవారు వచ్చెడివారు. మాకు మాత్రము తార్నాక వైపు పోవుత్రోవలోని బండరాళ్లే పాఠములు. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల గ్రానైటు అది. ఒకనాడు ప్రయోగశాలలో మా ఉపాధ్యాయులు విమానమునుండి తీసిన నేల పటములను రెండింటిని బల్లపై పరచి, వానిపై అద్దముల స్టీరియోస్కోపును నిలిపిరి. వీట్‌స్టన్ నాటి ఉపాయమే మఱల మా యెదుటికి వచ్చెను.

విమానము ఒకచోట నొక పటమును, కొంత ముందుకు పోయి మఱియొక పటమును తీయును. మొదటి పటములోని నేలలో నూటికి అరువది పాళ్లు రెండవదానిలోను పడవలెను. ఆ రెండింటిని కలిపి చూచునపుడు, వందల గజముల యెడమున కన్నులు గల రాక్షసుని చూపు మనకు వచ్చును. అందుచే గుట్టలు ఉన్నదానికంటె నిటారుగా లేచి నిలుచును. మేము తలవంచి చూడగా కాగితములోనుండి కొండ యొకటి ముక్కునకు తగులునంత యెత్తున లేచెను. మాకు వెంటనే కాశీ మెట్లు జ్ఞప్తికి వచ్చెను.

అప్పుడు ఉపాధ్యాయులు తరగతి నుద్దేశించి యిట్లనిరి: "కనబడనివారు కనబడలేదని చెప్పండి. అది తప్పు కాదు. కనబడకుండానే గీత గీస్తే మాత్రం పటం తప్పవుతుంది." ఒక సహాధ్యాయుడు లేచి, తనకు రెండు కాగితములే గాని కొండ కనబడుటలేదనెను. ఎవ్వరును నవ్వలేదు. ఉపాధ్యాయులాతనికి సూక్ష్మదర్శిని పని అప్పగించిరి; దానియందు ఆతడు మా యందఱికంటె నేర్పరియయ్యెను.

ఆ క్షణమున మాకు మా చెల్లెలి "కనబడింది తాతయ్యా" యను మాటయొక్క అర్థము తెలిసెను. ఆ సాయంకాలము ముషీరాబాదునకు పోయి దానిని అడుగవలెననుకొంటిమి. కాని యింటికి పోవునప్పటికి, మరుసటి వారము పెండ్లివారు పిల్లను చూడ వచ్చుచున్నారని మా అమ్మగారు చెప్పిరి. ఇప్పుడు కంటిమాట ఎత్తిన సంబంధము చెడునని భయపడి ఊరకుంటిమి. చదువుకొనని పెద్దలు అదృష్టమని మోసపోయిరి. చదువుకొన్న మేము తెలిసియు మౌనము వహించితిమి. వారిది అజ్ఞానము, మాది పిరికితనము. ఏది పెద్ద తప్పో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఆ మౌనము పదునాలుగేండ్లు సాగెను. 1984లో మలయాళమున తీయబడిన 'మై డియర్ కుట్టిచ్చాత్తన్' అను చిత్రము మన దేశమున త్రిపరిమాణములలో వచ్చిన మొదటి చలనచిత్రము. అది తెలుగులోనికి మార్చబడి వచ్చినపుడు మేమును, మా చెల్లెలును పిల్లలను వెంటబెట్టుకొని పోతిమి. ద్వారముకడ నిచ్చిన కన్నడకలు పెట్టుకొని కూర్చుంటిమి. తెరమీది వస్తువు ముఖముమీదికి వచ్చినపుడు హాలులోని వారందఱును చేతులు చాచిరి. మా చెల్లెలును చాచెను. అందఱికంటె ఒక్క క్షణము ఆలస్యముగా. దానికి కనబడుచుండినది వస్తువు కాదు, ఇతరుల చేతులు.

బయటికి వచ్చిన పిమ్మట మేము అడిగితిమి. అది కొంతసేపు మాటాడక, తరువాత నెమ్మదిగా ననెను: "నాకెప్పుడూ కాగితం మీద బొమ్మలాగే ఉండేది అన్నయ్యా. మీరంతా ఆహా అంటుంటే నేనూ అనాలి కాబోలు అనుకున్నాను. కనబడలేదంటే తాతయ్య నా వంతు తీసేస్తారని భయం. తర్వాత ఎవ్వరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

వైద్యునికి చూపించితిమి. ఆయన పరీక్షించి, పసితనమున రావలసినదని మాత్రము చెప్పెను. మేము తల వంచుకొంటిమి.

విజ్ఞానము మఱియొక మెట్టు ఎక్కిన సంగతిని ఇక్కడ చెప్పవలెను. 1960లో బేలా యూలెష్ అను హంగరీ దేశీయుడు అమెరికాలో నొక విచిత్రమైన జోడు పటమును ప్రకటించెను. రెండింటిలోను చల్లిన ఆవాలవలె చుక్కలే తప్ప ఏ రూపమును ఉండదు. ఒక పటములో కొన్ని చుక్కల గుంపును కొంచెము ప్రక్కకు జరిపియుంచెను. ఒంటికంటితో ఎంతసేపు చూచినను చుక్కలే. రెండు కన్నులును కలిసి పనిచేసినపుడు మాత్రమే ఆ గుంపు విడివడి పైకి లేచును. ఈ పద్ధతినే పిల్లల కన్నులను పరీక్షించుటకు వైద్యులు గ్రహించిరి. ఏ బొమ్మ లేచినదో చూపుమన్నపుడు చూడని పిల్ల ఊహించి చెప్పజాలదు. మా తాతగారి యంత్రము "కనబడింది" అను మాటను నమ్మెను. ఈ పరీక్ష ఆ మాటతో తృప్తిపడదు.

కొన్నేండ్ల క్రిందట, తార్నాకలో మా చెల్లెలి కుమారుని యింట, దాని మనుమరాలికి నాలుగేండ్లు నిండినపుడు, పిల్ల బొమ్మల పుస్తకమును తల ఒకవైపునకు వంచి చూచుట నానమ్మయే కనిపెట్టెను. ఆటగా పిల్ల కుడికన్ను మూయగా అది చేతిని త్రోసివేసెను. ఎడమకన్ను మూసినపుడు ఊరకుండెను. మరునాడే వైద్యశాలకు తీసికొనిపోయిరి. ఎడమకన్ను బలహీనమని తేలెను. కన్నడకలిచ్చి, బాగుగానున్న కుడికన్నును దినమునకు కొన్ని గంటలు అతుకుతో మూయవలెననిరి. మంచి కన్ను మూసిన గాని సోమరికన్ను పనికి దిగదు.

"ఆడపిల్ల ముఖానికి ఈ గంతలేమిటి? రేపు పెళ్లికి ఎవరైనా చూసింది చెప్పుకోరా?" అని చుట్టపు పెద్దమ్మ యొకరు ఆక్షేపించిరి. మా చెల్లెలు కోపపడలేదు. "నా కన్ను అందరికీ అదృష్టమే అయింది వదినా, నాకు తప్ప" అని మాత్రము చెప్పి, పిల్లకు అతుకు సరిచేసెను. అటుపై ఆ యింట ఎవ్వరును మాటాడలేదు.

గృహస్థులగు పాఠకులకు మేము మనవి చేయునది స్వల్పము. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలలో ఈ లోపముండును. అన్నిట మెల్ల కనబడదు. రెండు కన్నుల చూపుబలములలో తేడాయున్న చాలును, చూచువారికి కన్నులు చక్కగనే యుండును. కావున బడిలో చేర్చకమునుపే ఒక్కొక్క కంటిని వేరువేరుగా పరీక్ష చేయింపవలెను. చిన్ననాడు చికిత్స బాగుగ ఫలించును. వయస్సు పెరిగినకొలది ఫలము తగ్గును. మన నగరమున మెహదీపట్నములో సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల కలదు. 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కలదు. కొఱత వైద్యశాలలది కాదు. "నాకు కనబడలేదు" అని చెప్పుటకు పిల్లకు ధైర్యమిచ్చు ఇండ్లది.

చికిత్స మొదలైన నాలుగవ నెలలో, మేము ముషీరాబాదునుండి తెచ్చి దాచుకొనిన కొయ్యపెట్టెను తార్నాకకు తీసికొనిపోతిమి. కాశీ పటమును కమ్మీలో నిలిపి పిల్ల చేతికిచ్చితిమి. నానమ్మ ప్రక్కన కూర్చుండెను. మా తాతగారి ప్రశ్ననే మేము అడిగితిమి: "కనబడిందా?"

పిల్ల చాలసేపు చూచి, యంత్రమును దింపి, "లేదు తాతయ్యా. ఇంకా రాలేదు. మళ్లీ చూడనా?" అనెను.

మా చెల్లెలు దానిని దగ్గరకు తీసికొనెను.