హాడో నుండి బారాటాంగ్ దాకా

అండమాన్ అనగానే మనకు సెల్యులార్ జైలు, నీలి సముద్రం స్ఫురిస్తాయి. విశాఖపట్నం నుండి ఓడలో వచ్చేవారు మొదట పాదం మోపేది మాత్రం హాడో రేవులోనే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. హాడో అందులో ఒక పేట. చెంతనే 1883 నాటి చాథం రంపపు మిల్లు ఉంది. వీధుల్లో తెలుగు మాట తరచుగా వినవస్తుంది.

సున్నపురాతి గుహలు చూడగోరి బారాటాంగ్ వెళ్ళేవారు ఇక్కడినుండి అండమాన్ ట్రంక్ రోడ్డుపై ఫెరార్‌గంజ్ మీదుగా జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం చేరుతారు. ఆపైన సుమారు 49 కిలోమీటర్లు జారవా జాతివారి రక్షితారణ్యం. ఈ భాగంలో రాకపోకలు నిలిపివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినప్పటికీ వాహనాలు నిర్ణీత వేళల్లో, పోలీసుల వెంట, బారులు తీరి వెళ్తూనే ఉన్నాయి. దారిలో ఆగరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు. అటువంటి చోట ఒక్క టైరు పంక్చరైతే బారు మొత్తానికి ఆటంకం. అడవిబిడ్డల ప్రశాంతతకు భంగం.

ఇందుకు తోడ్పడే చిన్న సాధనం టైరు పీడన సూచిక. విడిగా కొని అమర్చుకునే రకంలో వాల్వు మూతల స్థానే నాలుగు చిన్న సెన్సార్లు బిగిస్తారు. అవి రేడియో సంకేతాల ద్వారా ప్రతి టైరు పీడనాన్ని, ఉష్ణోగ్రతను డ్రైవరు ఎదుటి తెరపై చూపుతాయి. మేకు దిగి గాలి మెల్లగా జారుతున్నా, జిర్కాటాంగ్ చేరకముందే తెలిసిపోతుంది.

అంకెలను అర్థం చేసుకోవడం అవసరం. టైరు 10 డిగ్రీలు వేడెక్కితే పీడనం సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగుతుంది. కనుక గాలిని ఉదయం బయలుదేరకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సరిచూడాలి. దారిలో పెరిగిన అంకె చూసి గాలి తీసివేయరాదు. అమెరికా నిబంధనల ప్రకారం పీడనం 25 శాతం తగ్గితే హెచ్చరిక రావాలి. ఈ దారికి 15 శాతం వద్దనే హెచ్చరిక పెట్టుకోవడం మేలు.

ఈ సెన్సారు వాల్వు పిన్నును నొక్కి ఉంచుతుంది. లోపలి రబ్బరు వాషరు చెడితే సెన్సారు వద్దనే గాలి కారుతుంది. బిగించాక సబ్బునీటితో పరీక్షించాలి. ఉప్పుగాలికి లోహపు మరలు పట్టేస్తాయి గనుక అప్పుడప్పుడు విప్పి శుభ్రపరచాలి. బ్యాటరీలు కూడా చూసుకోవాలి.

ఈ సూచిక, పంక్చరు మరమ్మతు సామగ్రి, ట్యూబులేని టైర్లు ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో మన మోటారు వాహన నియమాలను సవరించారు. అయితే సూచిక వార్త చెప్పగలదే గాని చక్రం మార్చలేదు. ఇక్కడ స్టెప్నీని వదలరాదు. దాని గాలినీ చూడాలి.

ఎల్.టి.సి.పై కుటుంబ సమేతంగా వచ్చే మన ఉద్యోగులు అద్దె వాహనం ఎక్కేముందు టైర్ల గాలి గురించి డ్రైవరును అడగడానికి మొహమాటపడరాదు. మిడిల్ స్ట్రెయిట్‌లో బల్లకట్టు ఎక్కేదాకా ఎక్కడా ఆగకుండా సాగిపోవడమే ఆ అడవివాసుల పట్ల మనం చూపగల మర్యాద.