పేపర్ వెయిట్ తిప్పిన పాప

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం నేను జడ్జిగా పనిచేసిన ఫ్యామిలీ కోర్టులో లాయరును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. మనుషులే నోరు విప్పి చెప్పుకోవాలని దాని ఉద్దేశం. 9వ సెక్షన్ ముందు రాజీకి ప్రయత్నించమంటుంది. భార్యాభర్తలిద్దరినీ కలిపి పంపడమే గెలుపని కొత్తలో నేననుకున్నాను. "సర్దుకుపో అమ్మా" అని పంపిన ఒకావిడ ఆర్నెల్లకి మళ్ళీ వచ్చింది. సంతకం పెడుతుంటే గాజులు పైకి జరిగి, మణికట్టు మీద కమిలిన మచ్చ కనిపించింది. ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు.

2017లో సుప్రీంకోర్టు, పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవాళ్ళకి ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చంది. ఎంతోమందికి అది ఊపిరి.

కస్టడీ కేసులే నాకు నిద్రపట్టనివ్వలేదు. ఛాంబర్లో ఆరేళ్ళ పాప నా బల్లమీది పేపర్ వెయిట్ తిప్పుతూ అడిగింది: "అమ్మ దగ్గరుంటానంటే బయటున్న నాన్నకి వినపడుతుందా?"

"వినపడదు తల్లీ."

"నాన్న దగ్గరుంటానన్నా అమ్మకి వినపడదు కదా?"

రిటైరయ్యాక కూడా ఆ గొంతు నా చెవిలోనే ఉంది. విడిపోతున్న తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని ఆ ప్రశ్న దాకా తీసుకురాకండి.