నీరు పోయే దారి

పైకప్పును మడిచి వెనుకకు వాల్చుకోగల కార్లను కన్వర్టిబుల్ అంటారు. ఎండ అపురూపమైన ఇంగ్లండులో ఈ కార్లంటే జనానికి ఎంతో మక్కువ. అయితే ఆ దేశంలో వాన ఏ నెలలోనైనా కురుస్తుంది. అందుచేత గుడ్డ కప్పు గల కారు యజమానిని నీరు లోపలికి దిగుతుందేమోనన్న బెంగ ఏడాది పొడవునా వెంటాడుతూనే ఉంటుంది. నేను అక్కడి ఒక చిన్న మరమ్మతుశాలలో పదకొండేళ్ళుగా ఈ కప్పుల పనే చేస్తున్నాను. లోపల తడిసి మా వద్దకు వచ్చే కార్లలో చాలావాటికి కప్పు చిరిగి ఉండదు. నీరు బయటికి పోవలసిన దారి మూసుకుపోయి ఉంటుంది.

ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించినవారు అబ్బాజాన్. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన జీపులకు కాన్వాసు కప్పులు కుట్టేవారు. కప్పు బిగించిన తరువాత దానిమీద బిందెడు నీళ్ళు పోయించి, అవి ఎటు జారుతున్నాయో వంగి చూసేవారు. "బేటా, నీటిని ఆపుదామని చూడకు. ఎటు పోవాలో దానికి చూపించు. చూపించకపోతే అదే వెతుక్కుంటుంది" అనేవారు.

కన్వర్టిబుల్ నిర్మాణంలోనూ ఉన్నది ఈ సూత్రమే. కప్పు మీద పడిన వాన వెనుక అంచున ఉన్న కాలువలోకి జారుతుంది. అక్కడి నుండి సీట్ల వెనుక రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా గొట్టాలలోకి దిగి, కారు అడుగున నేలమీద పడుతుంది. 1989లో విడుదలై 2016 నాటికి పది లక్షలకు పైగా తయారైన మాజ్దా ఎంఎక్స్-5 వంటి ప్రసిద్ధమైన కార్లలోనూ ఏర్పాటు ఇటువంటిదే. కారును చెట్టు కింద నిలిపితే ఆకులు, పూరేకులు, ధూళి ఈ కాలువలో చేరి బురద ముద్దగా మారతాయి. గొట్టం పూడుకుపోతే కాలువ నిండి లోపలికి పొర్లుతుంది. తివాచీ కింది స్పాంజి ఆ నీటినంతా పీల్చుకుంటుంది. పైకి తడి తగిలేసరికి అడుగున మడుగు కట్టి ఉంటుంది. అంతకు ముందే కొన్ని సూచనలు కనబడతాయి. ఉదయం అద్దాల లోపలి వైపు ఆవిరి పట్టడం, తలుపు తీయగానే బూజు వాసన రావడం, మలుపు తిరిగినప్పుడు ఎక్కడో నీళ్ళు కదిలిన చప్పుడు కావడం అటువంటివే.

కిందటి శీతాకాలంలో ఒక విశ్రాంత నర్సు తన కారును తీసుకువచ్చారు. అది ఆమె భర్త వాడుకున్న కారు. ఆయన కన్నుమూసి అప్పటికి ఏడాది. కప్పు మొత్తం మార్చాలని మరొక చోట చెప్పారట. ఆ ఖర్చు కారు వెలనే మించిపోతుంది. తుక్కు కింద ఇచ్చివేయాలని నిశ్చయించుకొని కూడా, మనసొప్పక, ఇంకొకరి మాట విందామని వచ్చారు.

మా కుర్రవాణ్ణి టార్చిలైటుతో కారు లోపల కూర్చోబెట్టి, నేను బయట సన్నని ధారతో నీళ్ళు పట్టాను. ఈ పరీక్షను కింది నుండి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ముందే పైనుండి పోస్తే అంతా ఒకేసారి తడిసి, లోపం ఎక్కడుందో తేలదు. తలుపుల అంచులు తడిపాము, లోపల పొడిగానే ఉంది. ముందు అద్దం పై అంచు తడిపాము, చుక్క కూడా రాలేదు. వెనుక అంచు మీద ధార పట్టిన కాసేపటికి, "భయ్యా, కుడి సీటు వెనుక వస్తోంది" అని లోపలి నుండి కేక వినిపించింది. కప్పు ఎత్తి చూస్తే రంధ్రం నిండా చెట్ల గింజలు, నల్లని బురద. చేతికి అందినంత తీసి, మిగిలినది మెత్తని ప్లాస్టిక్ తీగతో కదిలించి, గోరువెచ్చని నీళ్ళు పోస్తే కారు కింద ధార కట్టింది. తివాచీలు ఆరడానికి మూడు రోజులు పట్టింది. కొత్త కప్పు వేసి ఉన్నా ఆ కారు మొదటి వానకే మళ్ళీ తడిసేది.

గొట్టంలోకి ఇనుప తీగను గుచ్చరాదు. గొట్టం చిల్లుపడితే నీరు కనబడని చోటికి దిగుతుంది. పైనుండి గాలిని బలంగా కొట్టినా అతుకులు ఊడిపోవచ్చు. తలుపుల రబ్బరు అంచులను తడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు సిలికోన్ గ్రీజు పల్చగా పూయాలి. పెట్రోలియం నూనెలు వాడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అంచు సరిగా పట్టుతోందో లేదో తెలియాలంటే మధ్యలో ఒక కాగితం ముక్క ఉంచి అద్దం మూసి లాగి చూడాలి. తేలికగా జారివస్తే అక్కడ సందు ఉన్నట్లే. గుడ్డ కప్పును వడిగా నీళ్ళు చిమ్మే యంత్రంతో కడగరాదు. మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి, ఆరిన తరువాత, ఏడాదికొకసారి నీరు ఇంకనివ్వని ద్రావణం పట్టించాలి. తడి కప్పును మడిచి ఉంచితే బూజు పడుతుంది. కుట్లు విడిపోయినా, గుడ్డ చిరిగినా మాత్రం పనివాని చేయి పడవలసిందే. అప్పుడు కూడా డబ్బు కట్టే ముందు, నీళ్ళు పట్టి లోపం ఎక్కడుందో చూపించమని అడగడం మీ హక్కు.

మన ఊళ్ళలో కన్వర్టిబుల్ కార్లు అరుదే. కాని సన్‌రూఫ్ ఉన్న కార్లు ఇప్పుడు మన వీధుల్లోనూ తిరుగుతున్నాయి. వాటిలోనూ అద్దం చుట్టూ ఒక కాలువ, మూలల్లో రంధ్రాలు, స్తంభాల లోపలి నుండి కిందికి దిగే గొట్టాలు ఉంటాయి. తొలకరికి ముందే ఒకసారి అద్దం తెరిచి, ముందు మూలల్లో ఉన్న రంధ్రాల దగ్గర అర గ్లాసు నీళ్ళు మెల్లగా పోయండి. కాసేపటికి కారు కింద నేల తడవాలి. తడవకుండా నీళ్ళు అక్కడే నిలిచిపోతే మెకానిక్ వద్దకు తీసుకువెళ్ళి, రబ్బరు మార్చే మాట ఎత్తకముందే గొట్టాలు శుభ్రం చేయమని చెప్పండి.