ఋషికొండ తీరమున ముప్పందెము

విశాఖపట్టణమునకు పోయినవారు సాధారణముగ సింహాచలమున అప్పన్నను సేవింతురు. కైలాసగిరి నెక్కి సముద్రమును జూతురు. 2002వ సంవత్సరమునుండి సముద్రపుటొడ్డున ప్రదర్శనశాలగా నిలిచియున్న కురుసుర జలాంతర్గామిలో దూరి వెలికివత్తురు. పిల్లలకు గవ్వల బొమ్మలు కొని యింటికి మరలుదురు. మేమును రెండు పర్యాయము లట్లే చేసితిమి. మూడవసారి పోయినపుడు మాత్రము వీనిలో నొక్కటియు జూడక, ఋషికొండ తీరమున ఒక యుదయమంతయు ఇసుకలో నిలిచి తిరిగివచ్చితిమి. ఆనాడు చూచినది సోదరీమణులకు వినిపింపదగినదని తోచి యిది వ్రాయుచున్నాము.

మా పినతల్లి కుమార్తె విశాఖలో నొక బ్యాంకియందు ఉద్యోగము చేయుచున్నది. ముప్పదియాఱేండ్లది, ఇద్దరు బిడ్డల తల్లి. మాఘమాసములో నొకనాడు టెలిఫోను చేసి, "అక్కయ్యా! వచ్చు ఆదివారము ఋషికొండ దగ్గర ట్రయాథ్లాన్ పందెములో నేను పాల్గొనుచున్నాను. నీవును బావగారును తప్పక రావలెను. అమ్మను గూడ వెంటబెట్టుకొని రావలెను" అని కోరెను. మేము రాజమహేంద్రవరమున నుందుము. పినతల్లియు మా వీథిలోనే యున్నది. మొదటి కోరిక తీర్చుట సులభమే. రెండవది వినగానే మాకు గుండె దడదడలాడెను.

ట్రయాథ్లాన్ అనగా ఒక్కరే యెడతెగక మూడు పందెములు ముగించుట. మొదట ఈత, పిదప సైకిలు, కడపట పరుగు. నడుమ బట్టలు మార్చుకొను కాలము గూడ లెక్కలో చేరును, గడియార మాగదు. 1974వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాదేశమున సాన్ డియేగో నగరమందలి మిషన్ బే తీరమున కొందరు పరుగుకాండ్రు దీనిని మొదలుపెట్టిరి. 1978లో హవాయి దీవులలో మహాకఠినమైన పందె మొకటి నడచినది: సుమారు 3.9 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, దానిపై 42 కిలోమీటర్ల పరుగు. బయలుదేరినవారు 15గురు, ముగించినవారు 12గురు, అందరును పురుషులే. మరుసటి యేట లిన్ లెమేర్ అను యువతి, స్త్రీలలో తా నొక్కతెయే నిలిచి, అందరిలో నైదవదిగా పందెము ముగించెను. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు తొలిసారి స్థానము లభించినది. అచ్చట స్త్రీల పందెమే ముందు జరిగినది. స్విట్జర్లాండు దేశపు బ్రిజిట్ మెక్‌మాన్ గెలిచెను. మన శ్రీకాకుళపు సీమలో పుట్టిన కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యపతకము గొని, ఒలింపిక్ పతకము నందిన తొలి భారతమహిళయైనదియు ఆ క్రీడలలోనే యని జ్ఞప్తికి దెచ్చుకొని మేము సంతసించితిమి.

ఒలింపిక్ క్రీడలలో ఈత ఒకటిన్నర కిలోమీటరు, సైకిలు 40, పరుగు 10 కిలోమీటర్లు. మా చెల్లెలు పూనుకొన్నది అందులో సగము: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు.

మా యింటివారు పాఠశాలలో తెలుగు బోధించువారగుటచే దీనికి "ముప్పందెము" అని పేరు పెట్టిరి. పినతల్లి ఆ మాట విని, "ముప్పందెము కాదు అల్లుడుగారూ, ముప్పు పందెము" అనెను. ఆమె నవ్వుచు అనలేదు.

ఇరువదియెనిమిది సంవత్సరముల క్రిందట, కాలువ యొడ్డున నున్న వారి స్వగ్రామమున, ఆమె పెద్దకుమారుడు పదునొకండేండ్ల ప్రాయమున స్నానపురేవులో జారి మునిగిపోయెను. చెల్లెలి కప్పు డెనిమిదేండ్లు. రేవు మెట్లపై బట్టలుతుకుచు, బిందెలు తోముచు నలుగురు స్త్రీలుండిరి. తల్లియు వారిలో నొకతె. ఎవ్వరికిని ఈత రాదు. కేకలు విని పొలమునుండి మగవారు పరుగెత్తుకొని వచ్చునప్పటికి ఆలస్యమైపోయెను. ఆ దినము మొదలు పినతల్లి కుమార్తెను నీటిదరికి పోనిచ్చినది కాదు. పుష్కరములలో గూడ మెట్లపైనే కూర్చుండి, చెంబుతో నెత్తిపై నీళ్లు పోసికొని తిరిగివచ్చెడిది.

అట్టి యామె మాతో బయలుదేరునని మేమనుకొనలేదు. రెండుదినములు మౌనముగ నుండి, మూడవనాడు, "అది నీటిలో దిగునప్పుడు నే నిక్కడ కూర్చుండి యేమి చేయుదును? పదండి" అనెను.

శనివారము రత్నాచల్ ఎక్స్‌ప్రెస్సులో ప్రయాణము చేసితిమి. అన్నవరము కొండ కనబడగానే బండిలోని వారందరివలె మేమును చేతులు జోడించితిమి. తుని దగ్గర తాండవనది, అనకాపల్లి దగ్గర శారదానది వచ్చినపుడు పినతల్లి కిటికీనుండి మొగము త్రిప్పుకొనెను. ఆ ఋతువున నీరు సన్నగిలి యిసుకయే మిక్కిలిగ కనబడుచుండినను ఆమె చూడలేదు.

ఆ సాయంకాలము చెల్లెలు మమ్ములను కారులో నెక్కించుకొని పందెము జరుగు త్రోవ చూపెను. విశాఖనుండి భీమునిపట్టణమునకు పోవు ఆ దారివంటిది మన దేశమున అరుదు. కుడివైపున సముద్రము, ఎడమవైపున కొండలు. నడుమ నల్లని బాట. ఋషికొండ దాటిన పిదప తొట్లకొండ వచ్చును. సుమారు రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువు లచ్చట విహారములు కట్టుకొని, వాననీరు నిలుపుకొనుటకు రాతిలో తొట్లు తొలిపించుకొనిరి. కొండకు పేరు వానివలననే కలిగినది. ఆ కొండ దిగువ మంగమారిపేట తీరమున అలలు తొలిచిన రాతి తోరణమొకటి యున్నది. ఇంకను ముందుకు పోగా ఎఱ్ఱమట్టి దిబ్బలు. వేలాది సంవత్సరములుగ గాలియు నీరును కూడి మలచిన వాగులును గట్టులును సంధ్యవెలుగులో కుంకుమరాసులవలె నుండెను. అక్కడినుండి సైకిళ్లు వెనుకకు మరలవలెనట. త్రోవలో జాలరి స్త్రీలు చేపలగంపలు తలపై నెత్తుకొని, చేతులు వదలివేసి వడిగా నడచిపోవుచుండిరి. "వీరికి పందెము ప్రతిదినమును కలదు" అని మా వారనిరి.

రాత్రి పిల్లలు నిద్రించిన పిదప చెల్లెలు తన సాధన సంగతి చెప్పెను. మూడేండ్ల క్రిందట నగరమందలి యొక యీతకొలనులో చేరినది. మొదటి నెల మొగము నీట ముంచుటయే చేతకాలేదట. కన్నులు మూసినంతనే ఆ రేవు కనబడెడిదట. నీటిలో ఊపిరి విడుచుట నేర్చిన పిదప భయము కొంత తగ్గినది. తేలుట వచ్చిన పిదప మరికొంత. ఉదయము నాలుగింటికి లేచి, సాధన ముగించుకొని, ఆఱున్నరకు వంటయింట నుండెడిది. అత్తగారు తొలుత గొణిగినను, తరువాత తామే ఆ వేళకు పాలు కాచి యుంచుచున్నారు.

"ఇంత శ్రమ యెందుకమ్మా?" అని మేమడిగితిమి.

"అక్కయ్యా, ఆనాడు మెట్లమీద నలుగురుండిరి. నా పిల్లలు నీటిదరి నున్ననాడు నేను ఐదవదానను కారాదని నేర్చితిని. ఈ పందెము తరువాత వచ్చినదే" అనెను. పినతల్లి ప్రక్కగదిలో పడుకొనియుండెను. వినెనో లేదో తెలియదు.

తెల్లవారుజామున ఋషికొండ చేరితిమి. ఆ తీరము 2020లో శుభ్రతకును భద్రతకును గుర్తింపుగ నిచ్చు అంతర్జాతీయమగు నీలిజెండాను పొందినది. సైకిళ్లన్నియు ఇనుపకమ్ములకు వరుసగ వ్రేలాడదీయబడియుండెను. ఒక్కొక్కదాని క్రింద తువాలు, జోళ్లు, హెల్మెట్టు, నీళ్లసీసా. వ్రతమునకు ముందు పీఠమునొద్ద మనము సామగ్రి నమర్చుకొనునట్లు, ఏది ముందు కావలెనో అది ముందుండునట్లు అమర్చుకొనిరి. హెల్మెట్టు పట్టీ బిగించుకొనక సైకిలును తాకరాదట. గీత దాటక దానిపై నెక్కరాదట. పాల్గొనువారిలో స్త్రీలు పదునొకండుగురు. వారికి ఎఱ్ఱని రబ్బరు టోపీలు. భుజములపై అంకెలు వ్రాయబడెను.

ఈల మ్రోగగానే అందరు నొక్కుమ్మడి నీటిలోనికి పరుగెత్తిరి. కొలనులో అడుగున గీత కనబడును, సముద్రమున కనబడదు. నాలుగైదు బారలకొకసారి తలయెత్తి, నీటిపై తేలు పసుపుబుడ్డల గుఱుతు చూచుకొని యీదవలెను. ఒకరి కాలు మరియొకరి మొగమునకు తగులును. చెల్లెలు గుంపును ముందుకు పోనిచ్చి కడపట దిగెను. పినతల్లి సముద్రమునకు వీపు త్రిప్పి ఇసుకలో కూర్చుండెను. "ఎంతవరకు పోయినది?" అని క్షణక్షణము నడుగును, మేము చెప్పుచుంటిమి.

రెండవ బుడ్డకడ ఎఱ్ఱటోపీ యొకటి నిలిచిపోయెను. మేము మాటలాడలేదు. "ఏమి? ఎందుకు చెప్పరు?" అని పినతల్లి లేచి సముద్రమువైపు తిరిగెను. ఇరువదియెనిమిదేండ్లకు ఆమె అంతటి నీటిని కన్నులార చూచుట అదియే మొదలు. రక్షకుల పడవ అంచు పట్టుకొని చెల్లెలు నిలిచియుండెను. అట్లు పట్టుకొని సేదదీర్చుకొనుట నియమమునకు విరుద్ధము కాదు. పడవ సాయముతో ముందుకు కదలరాదంతే. ప్రక్కనున్న యువకు డీ మాట చెప్పినను మా కాళ్లు వణకుట మానలేదు. పినతల్లి మా చేయి పట్టుకొనెను. కొంతసేపటికి ఆ చేయి పడవను వదలెను, ఎఱ్ఱటోపీ కదలెను. అది యొడ్డు చేరువరకు పినతల్లి రెప్పవాల్చలేదు.

చెల్లెలు ఇసుకపై తూలుచు వచ్చి, నవ్వి, సైకిళ్లవైపు పరుగెత్తెను. ఈ మార్పిడిని ఆటగాండ్రు నాలుగవ పందెమందురట. తడియొడలితో జోడు తొడుగుకొని, ఊపిరి కుదురుకొనకమునుపే వేరుపనిలో దిగుట సామాన్యము కాదు. మాకు మాత్రము అది పరిచితమైన విద్యగనే తోచినది. పొయ్యికడనుండి ఉయ్యెలకడకు, ఉయ్యెలకడనుండి వీధివాకిటికి, అచ్చటినుండి ఉద్యోగమునకు, గడియార మాగక నడచుచుండగా మారువారెవరో చదువరులకు మేము చెప్పవలెనా?

ఎదురుగాలిలో ఇరువది కిలోమీటర్లు త్రొక్కి ఆమె తిరిగివచ్చునప్పటికి ఎండ యెక్కెను. సైకిలు దిగిన కాళ్లు వెంటనే పరుగునకు లొంగవు; కొయ్యలవలె బిగిసియుండును. మొదటి కిలోమీటరు ఆమె నడకయో పరుగో తెలియనట్లు పోయెను. మాకడకు వచ్చునప్పటికి పినతల్లి మజ్జిగచెంబుతో త్రోవకడ్డముగ నిలిచెను. చెల్లెలు ఆగకయే, "అమ్మా, పందెము ముగియువరకు బయటివారి చేతినుండి పుచ్చుకొనరాదు. వారి బల్లలకడనే త్రాగవలెను" అనెను. "నేను బయటిదాననా?" అని పినతల్లి కోపించుకొనెను; ఐనను ఆ చెంబును క్రింద పెట్టక, గడువు ముగియుచోటికి పోయి నిలిచెను.

నియమించిన గడువునకు ఆఱునిమిషములు మిగిలియుండగా చెల్లెలు గీత దాటెను. స్త్రీలలో తొమ్మిదవది. మెడలో పతకము వేసినవారికంటె ముందు మజ్జిగచెంబు నోటికి చేరినది. చెంబు ఖాళీయైన పిదప పినతల్లి మనుమరాలిని దగ్గరకు తీసికొని, "వేసవి సెలవులలో దీనిని గూడ ఆ కొలనులో చేర్పింపుము" అనెను. మరియొక మాట ఆమె ఆడలేదు, మేమును అడుగలేదు.

2021లో ప్రపంచమందంతట నీట మునిగి మరణించినవారు సుమారు మూడులక్షలని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు లెక్కించిరి. వారిలో బిడ్డలే అనేకులు. మన యిండ్లలో మగపిల్లలు దొంగచాటుగనైనను కాలువలో నేర్చుకొందురు. ఆడపిల్లలు మెట్లపై నిలుతురు. ఇది మారవలెను. ఇప్పుడు పట్టణములందు ఈతకొలనులు గలవు. స్త్రీలకు ప్రత్యేకించిన వేళలును పలుచోట్ల నుండును. తెలిసినవారి పర్యవేక్షణముననే నేర్పింపుడు. ఒంటరిగా కాలువకు పంపకుడు. ఈత రానివారు మునుగువారికొఱకు నీట దుముకరాదు. గట్టుననే నిలిచి చీరకొంగునో, వెదురునో అందింపవలెను, మూతగల ఖాళీ డబ్బానో బోర్లించిన బిందెనో విసరవలెను, కేకవేసి నలుగురను పిలువవలెను. ఈ మాత్రము తెలిసినను ఒక ప్రాణము దక్కవచ్చును.

ముప్పందెములు అందరును చేయనక్కరలేదు. ఈత మాత్రము, బిడ్డలుగల ప్రతి యింటను, ఒక్క స్త్రీకైనను రావలెను.